1965 కోబ్రా కిట్ కారు: టైటిల్ టెక్సస్‌లో చేయించాలా, కాలిఫోర్నియా వెళ్ళాకా? ఏ సంవత్సరం వేస్తారు?

రోడ్‌స్టర్_రవి

అందరికీ నమస్తే. కారు వివరాలు ముందు చెప్తాను. ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్ళ మార్క్ 4 రోడ్‌స్టర్ కిట్, అంటే విడిభాగాలుగా కొని మనమే కట్టుకునే కారు, 1965 షెల్బీ కోబ్రా స్పోర్ట్స్ కారు పోలిక. ఫ్రేమ్, ఫైబర్‌గ్లాస్ బాడీ కొత్తవి, వాటికి కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (తయారీదారు ఇచ్చే పుట్టుక పత్రం) ఉంది. ఇంజిన్ ఫోర్డ్ 302 బ్లాక్ మీద కట్టిన 347 (ఘనపు అంగుళాల్లో సైజు), కార్బ్యురేటర్‌ది. బ్లాక్ ఒక ప్రైవేటు మనిషి దగ్గర కొన్నది, చేతిరాత బిల్లు మాత్రమే ఉంది. గేర్‌బాక్స్ కొత్త ట్రెమెక్ టీకేఎక్స్. వెనక యాక్సిల్, స్పిండిళ్ళు, పెడల్ బాక్స్ మాత్రం 1990 మస్టాంగ్ నుంచి తీసినవి. ఆ మస్టాంగ్ టైటిల్, అంటే యాజమాన్య పత్రం, నా పేరు మీదే ఉంది, షెల్ (ఖాళీ బాడీ) ఇంకా పారేయలేదు.

ఇప్పుడు ఉండేది ఆస్టిన్. వచ్చే ఏడాది మధ్యలో ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాకి మారాలి. నా సందేహాలు ఇవీ:

మస్టాంగ్ టైటిల్ మీదే నడిపించెయ్ అని కొందరు అంటున్నారు, అది కుదురుతుందా? టైటిల్ మీద 1965 పడుతుందా, కట్టిన ఏడాది పడుతుందా? టెక్సస్‌లో 1965 అని టైటిల్ తెచ్చుకుంటే కాలిఫోర్నియా దాన్ని యథాతథంగా ఒప్పుకుంటుందా? రసీదులు ఎంతవరకు కావాలి?

ఇంకొకటి, తెలిసినవాళ్ళ దగ్గర అసలు ఫ్రేముతో 1932 ఫోర్డ్ ఒకటి ఉంది, బాడీ మాత్రం కొత్త ఫైబర్‌గ్లాస్‌ది. దానికీ ఇదే దారా?

బోల్ట్‌బాబాయ్

రవీ, ముందు మస్టాంగ్ సంగతి తేల్చేద్దాం. ఆ టైటిల్ ఈ కారుకి వాడొద్దు.

1990 మస్టాంగ్ యూనిబాడీ. దానికి వేరే ఫ్రేమ్ అంటూ లేదు, షెల్లే దాని గుర్తింపు. యాక్సిల్, పెడళ్ళు విప్పి తెచ్చినంత మాత్రాన విన్ (కారు గుర్తింపు నంబరు) వాటి వెంట రాదు. డాష్ మీది ప్లేటు ఊడదీసి కొత్త ఫ్రేముకి కొడితే అది ఫెడరల్ క్రిమినల్ కోడ్ 511వ సెక్షన్ కిందికి వస్తుంది, ఐదేళ్ళ దాకా జైలు. ప్లేటు ముట్టుకోకుండా కాగితం ఒక్కటే వాడితే ఏమవుతుందంటావా? రాష్ట్రం కంప్యూటర్లో నీ కారు 1990 ఫోర్డ్ మస్టాంగ్ కూపే. ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ రాసింది మస్టాంగ్‌కి. యాక్సిడెంట్ అయిన రోజు అడ్జస్టర్ వచ్చి చూస్తే ఎదురుగా ఉన్నది రెండు సీట్ల ఫైబర్‌గ్లాస్ రోడ్‌స్టర్. క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. నీ దగ్గర కొన్నవాడు మరో రాష్ట్రంలో ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్తే కారు సీజ్ అవుతుంది, వాడు నీ మీదికి వస్తాడు.

షెల్‌ని లైసెన్సు ఉన్న యార్డుకి టైటిల్ సంతకం పెట్టి అప్పగించెయ్. ఇచ్చేముందు టైటిల్‌కి రెండు వైపులా కాపీ తీసి పెట్టుకో. విన్ ప్లేటు కనిపించేలా షెల్ ఫోటో ఒకటి, యార్డు ఇచ్చిన రసీదు ఒకటి. ఈ యాక్సిల్ ఎక్కడిదని రేపు ఎవరైనా అడిగితే ఈ మూడూ చూపిస్తే చాలు.

ఇక రసీదులు. ఏ రాష్ట్రమైనా గట్టిగా చూసేవి నాలుగు: ఫ్రేమ్, బాడీ, ఇంజిన్, ట్రాన్స్‌మిషన్. నీకు ఫ్రేముకీ బాడీకీ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఆ కాగితం ఒరిజినలే అడుగుతారు, కాపీ పనికిరాదు. కిట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు: సర్టిఫికెట్ మొదటి కొనుగోలుదారు పేరు మీద ఉంటుంది, వెనక వైపు వాళ్ళ సంతకం ఉండదు. అది రాబట్టకుండా డబ్బు ఇవ్వకూడదు.

నీ ఫైల్లో బలహీనమైనది ఆ చేతిరాత బిల్లు. "302 ఇంజిన్, డబ్బు ముట్టింది" అని రాసి ఉంటే అది బిల్లు కాదు. అమ్మినవాడి పూర్తి పేరు, చిరునామా, సంతకం, తేదీ, ధర, బ్లాక్ మీది నంబరు ఉండాలి. మనిషి అందుబాటులో ఉండగానే ఇంకో బిల్లు రాయించుకో, వీలైతే నోటరీ చేయించు. 1968 తర్వాతి అమెరికన్ ఇంజిన్లలో చాలావాటి మీద అది మొదట ఏ కారులో ఉండేదో దాని విన్‌లో కొంత భాగం కొట్టి ఉంటుంది. ఫోర్డ్ చిన్న బ్లాక్‌లలో ఇది సాధారణంగా బ్లాక్ వెనక, బెల్‌హౌసింగ్ దగ్గర దొరుకుతుంది. ఇంజిన్ ఫ్రేములో కూర్చున్నాక అక్కడికి వేలు కూడా దూరదు, ఫైర్‌వాల్ అడ్డం. కాబట్టి ఇప్పుడే వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, పక్కన స్కేలు పెట్టి, దగ్గర నుంచి ఒకటి, బ్లాక్ మొత్తం కనిపించేలా ఒకటి ఫోటో తియ్. గ్రైండర్ పెట్టొద్దు. నంబరు దగ్గర గీతలు కనిపిస్తే ఇన్‌స్పెక్టర్‌కి మొదట వచ్చే ఆలోచన దొంగ ఇంజిన్ అనే.

స్మాగ్‌శాస్త్రి

కాలిఫోర్నియా వైపు నేను చెప్తాను. సూటి జవాబు: టెక్సస్ టైటిల్ మీద 1965 అని ఉన్నా ఇక్కడ దాన్ని 1965 కారుగా తీసుకోరు.

వెహికల్ కోడ్ 580వ సెక్షన్ ప్రకారం కిట్ నుంచి గానీ, కొత్తా పాతా విడిభాగాల నుంచి గానీ, అమ్మకానికి కాకుండా సొంతానికి కట్టుకున్న కారు స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్. రిజిస్ట్రేషన్‌లో మేక్ (కంపెనీ పేరు) ఉండే చోట ఎస్‌పీసీఎన్‌ఎస్ అని పడుతుంది. అది ఫోర్డ్ కాదు, షెల్బీ కాదు, కోబ్రా కాదు. అదే సెక్షన్ చివర్లో ఇంకో మాట ఉంది: అసలు డిజైన్‌కి తగ్గట్టు రిపేరు చేసిన, రిస్టోర్ చేసిన కారు దీని కిందికి రాదు. పాత కారుని బాగుచేయడం వేరు, కొత్తగా కట్టడం వేరు. నీది నూటికి నూరుపాళ్ళు రెండోది.

కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు కూడా ఇదే. క్లర్క్ కారు ఫోటో చూసి "ఓ, 65 షెల్బీ" అని కొట్టేస్తారు. బయటికి వచ్చేలోపు కాగితం చదువుకో. ఆ తప్పు నీకు లాభంలా కనిపిస్తుంది, స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) ఉండదు, గొడవ ఉండదు. కానీ ఫారం మీద సంతకం నీది, అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న డిక్లరేషన్ కిందే పెట్టావు. ఇక్కడ డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ) ఇన్వెస్టిగేటర్లు వెనక్కి వెళ్ళి ఇలాంటి కోబ్రాల ఫైళ్ళు తవ్విన సందర్భాలున్నాయి.

మరి కార్బ్యురేటర్ 347 ఇక్కడ నడిచేదెలా? దానికే ఎస్‌బీ 100, 2001లో వచ్చిన చట్టం. ఏడాదికి మొదటి 500 స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ కార్లకి ఒక వెసులుబాటు ఇచ్చింది: స్మాగ్ నియమాలు కట్టిన ఏడాదివి కాకుండా, బాడీ పోలిన ఏడాదివి గానీ ఇంజిన్ పోలిన ఏడాదివి గానీ ఎంచుకోవచ్చు. ఆ ఏడాది ఏదో తేల్చేది డీఎంవీ కాదు, బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వాళ్ళ స్మాగ్ చెక్ రెఫరీ. ఏ కారునీ పోలని బాడీ అయితే 1960 కింద వేస్తారు. నీ బాడీకి 1965 వాదన చాలా బలమైనది. గ్యాసోలిన్ కార్లలో 1975 వరకూ మోడళ్ళకి ఇక్కడ స్మాగ్ చెక్ లేదు కాబట్టి అక్కడితో ఆ గొడవ తీరుతుంది. రెఫరీ కారుకి ఒక లేబుల్ అతికిస్తారు, తర్వాత ఇంజిన్ రిపేరు పేరుతో దాన్ని పీకెయ్యకూడదు.

వరస ఇలా ఉంటుంది. మొదట డీఎంవీ. రెగ్ 343 టైటిల్ దరఖాస్తు, రెగ్ 5036 స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, నాలుగు ముఖ్య భాగాల రసీదులు, ఫీజు. అక్కడే ఎస్‌బీ 100 సీక్వెన్స్ సర్టిఫికెట్ (ఆ 500లో మనది ఎన్నోదో చెప్పే కాగితం) కావాలని అడగాలి, అడక్కపోతే ఇవ్వరు. చాలా ఆఫీసుల్లో ఆ మాట విన్న క్లర్కే తక్కువ. మేనేజర్‌ని పిలవమను, కోపం తెచ్చుకోకు. 500 అనేది క్యాలెండర్ ఏడాదికి లెక్క, జనవరిలో మొదటి పనిదినాన మళ్ళీ మొదలవుతుంది. అందుకే ఆ రోజు తెల్లారకముందే డీఎంవీల ముందు లైను కట్టేవాళ్ళుంటారు, కొన్నేళ్ళు మొదటి రోజే అయిపోయేవి. నువ్వు మారేది ఏడాది మధ్యలో అంటున్నావు, దీన్ని లెక్కలో పెట్టుకో.

తర్వాత కాలిఫోర్నియా హైవే పెట్రోల్. వాళ్ళది మెకానికల్ తనిఖీ కాదు, దొంగ సొత్తు తనిఖీ. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు, ట్రాన్స్‌మిషన్ నంబరు ఒక్కొక్కటి రసీదుతో పోల్చి, దొంగతనాల జాబితాలో వెతికి, అంతా సరిపోతే అసైన్డ్ విన్ (రాష్ట్రం కొత్తగా ఇచ్చే నంబరు) ప్లేటు బిగిస్తారు. అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యం. బాబాయ్ చెప్పిన బ్లాక్ ఫోటో ఇక్కడే అక్కరకొస్తుంది.

బ్రేకులు, లైట్ల సర్టిఫికెట్ వేరే. 2024లో పాత బ్రేక్ అండ్ ల్యాంప్ సర్టిఫికెట్ల స్థానంలో వెహికల్ సేఫ్టీ సిస్టమ్స్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. పాత ఫోరమ్ పోస్టులు చదివి బ్రేక్ అండ్ ల్యాంప్ స్టేషన్ కోసం తిరగొద్దు.

చివర రెఫరీ, ఆ కాగితంతో మళ్ళీ డీఎంవీ. ఈ మధ్యలో కారు ట్రైలర్ మీద తిప్పాలి, లేదా డీఎంవీ ఇచ్చే మూవింగ్ పర్మిట్ మీద. ప్లేట్లు లేకుండా రోడ్డెక్కొద్దు.

సీక్వెన్స్ నంబరు దొరక్కపోతే? కట్టిన ఏడాది నియమాలే వర్తిస్తాయి, అప్పుడు కార్బ్యురేటర్ ఇంజిన్‌తో పాస్ అవడం జరగని పని. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ ఆమోదం ఉన్న ప్యాకేజీ ఇంజిన్ వేసుకోవాలి, జీఎం వాళ్ళ ఈ-రాడ్ లాంటిది. అందులో క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరి పట్టే క్యానిస్టర్ అన్నీ కలిపే వస్తాయి, అన్నీ చెప్పినట్టే బిగించాలి. ఫ్రేమ్‌లో చోటు చూసుకోకుండా కొంటే కన్వర్టర్లు సైడ్ పైపుల దారికి అడ్డొస్తాయి.

లోన్‌స్టార్_లక్ష్మి

శాస్త్రిగారు చెప్పింది నిజమే గానీ, దానర్థం టెక్సస్‌లో టైటిల్ చేయించడం దండగ అని కాదు. అది వేరు, ఇది వేరు. కాలిఫోర్నియా ఒప్పుకోనిది టైటిల్ మీది సంవత్సరాన్ని. యాజమాన్యాన్ని కాదు. టెక్సస్ టైటిల్, దాని మీద అసైన్డ్ నంబరు చేతిలో ఉంటే "ఈ బ్లాక్ ఎవరిది, బిల్లు ఎందుకిలా ఉంది" అనే ప్రశ్నలు చాలావరకు ఇక్కడే తీరిపోతాయి. అమ్మినవాడు కూడా ఇక్కడే ఉన్నాడు కదా. కారు ఇప్పటికే నడిచే స్థితిలో ఉంటే నేనైతే టెక్సస్‌లో పూర్తి చేసుకుని వెళ్ళమంటాను. ఇంకా పెయింటు, వైరింగ్ మిగిలి ఉంటే మాత్రం కాగితాలు పక్కాగా చేసుకుని విడిభాగాల కారుగానే తీసుకెళ్ళడం మేలు.

టెక్సస్‌లో దీన్ని అసెంబుల్డ్ వెహికల్ అంటారు. టైటిల్ దరఖాస్తు 130-యూ. పోలీస్ ఆటో థెఫ్ట్ విభాగం వాళ్ళు నంబర్లు చూసి వీటీఆర్-68-ఏ నింపి ఇస్తారు. 2019లో అసెంబుల్డ్ వాహనాల కోసం చట్టంలో ప్రత్యేక అధ్యాయం పెట్టారు. అప్పటినుంచి ఏఎస్ఈ (మెకానిక్‌లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) సర్టిఫికేషన్ ఉన్న మాస్టర్ టెక్నీషియన్ తనిఖీ కావాలి: నిర్మాణం గట్టిగా ఉందా, రోడ్డు మీద క్షేమంగా నడుస్తుందా, ఉండాల్సిన పరికరాలన్నీ ఉన్నాయా అని. ఉత్త ఏఎస్ఈ మెకానిక్ సరిపోడు, మాస్టర్ అయ్యుండాలి. సంతకం పెట్టడానికి చాలామంది వెనకాడతారు, బాధ్యత మీద పడుతుందని. కిట్ కంపెనీ ఇచ్చిన అసెంబ్లీ మాన్యువల్, బోల్టుల టార్క్ విలువలు రాసుకున్న షీట్, బ్రేక్ పైపుల ఫోటోలు ముందు పెడితే వాళ్ళకీ ధైర్యం వస్తుంది.

సంవత్సరం సంగతి. సేమా అనే విడిభాగాల పరిశ్రమ సంఘం ఒక నమూనా బిల్లు తయారుచేసింది, చాలా రాష్ట్రాలు కొద్ది మార్పులతో దాన్నే చట్టం చేసుకున్నాయి. అందులో రెండు పేర్లు: 1949కి ముందు కారు గానీ దాని పోలిక గానీ స్ట్రీట్ రాడ్. 1948 తర్వాతిది, కనీసం 25 ఏళ్ళ పాతది లేదా అలాంటిదాని పోలిక, కస్టమ్ వెహికల్. బాడీ ఏ ఏడాది కారుని పోలి ఉందో ఆ ఏడాదే టైటిల్ మీద వేయాలన్నది ఆ నమూనా ఉద్దేశం. దానికి బదులుగా అడిగేది ఒకటి: అప్పుడప్పుడు తిప్పడానికి, ప్రదర్శనలకి, క్లబ్బులకి, పరేడ్లకి వాడాలి, రోజూ ఆఫీసుకి కాదు. టెక్సస్‌లోనూ ఈ రెండు తరగతులున్నాయి, వాటికి వేరే ప్లేట్లు. నీది కస్టమ్ వెహికల్, ఆ 1932 ఫోర్డ్ స్ట్రీట్ రాడ్.

ఈ తరగతి అడగకుండా మామూలు అసెంబుల్డ్ కింద వదిలేస్తే మేక్ దగ్గర ఏఎస్‌వీఈ, ఏడాది దగ్గర కట్టిన ఏడాది పడుతుంది. దాంతో వచ్చే చిక్కు ఇది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, దాని బదులు రిజిస్ట్రేషన్‌తో పాటు 7.50 డాలర్లు తీసుకుంటారు. కానీ ఎమిషన్స్ పరీక్ష ఉన్న కౌంటీల్లో అది అలాగే ఉంది, ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీ వాటిల్లో ఒకటి. 2 నుంచి 24 ఏళ్ళ లోపు గ్యాసోలిన్ కార్లకి ఆ పరీక్ష. కంప్యూటర్లో నీ కారు కొత్తదైతే రెండేళ్ళకి పరీక్షకి రమ్మంటుంది, అక్కడివాళ్ళు స్టీరింగ్ కింద ఓబీడీ ప్లగ్ (కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్) కోసం వెతుకుతారు. కార్బ్యురేటర్ ఇంజిన్‌కి ఆ ప్లగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బ్లాక్ అమ్మినవాడు దొరక్కపోయినా దారి మూసుకుపోదు. బాండెడ్ టైటిల్ అని ఉంది. రీజినల్ సర్వీస్ సెంటర్‌లో వీటీఆర్-130-ఎస్ఓఎఫ్ ఇస్తే కారు విలువ కట్టి కాగితం ఇస్తారు, దానికి ఒకటిన్నర రెట్లకి ష్యూరిటీ బాండ్ (పూచీకత్తు) కొనాలి. అంత డబ్బూ కట్టాల్సిన పని లేదు, బాండ్ కంపెనీకి ప్రీమియమే. మూడేళ్ళలో ఎవరూ కారు నాదని రాకపోతే బాండ్ అవసరం తీరిపోతుంది. కాకపోతే నీకు నాలుగింట్లో మూడు భాగాలకి కాగితాలు గట్టిగా ఉన్నాయి, ఇంత దూరం వెళ్ళనవసరం లేదు.

ఫ్లాట్‌హెడ్_ఫణి

1932 ఫోర్డ్ ప్రశ్నకి జవాబు: అసలు ఫ్రేమ్, దాని నంబరు, ఆ నంబరుతో టైటిల్, మూడూ ఒకదానికొకటి సరిపోతే దారి పూర్తిగా వేరు. అది ఇప్పటికీ 1932 ఫోర్డే. బాడీ మారింది, ఇంజిన్ మారింది అన్నది ఆ రాష్ట్రం స్ట్రీట్ రాడ్ లేదా రీకన్‌స్ట్రక్టెడ్ అనే పేరుతో నమోదు చేసుకుంటుంది. ఫ్రేమ్ కూడా కొత్తగా కొన్నదైతే మాత్రం పైన కోబ్రాకి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది, జేబులో ఎంత పాత టైటిల్ ఉన్నా సరే. స్వాప్ మీట్‌లో (పాత విడిభాగాల సంతలో) టైటిల్ ఒక్కటే కొని రీప్రొడక్షన్ ఫ్రేముకి ఆ నంబరు కొట్టడం ఈ రంగంలో పాత అలవాటు. బాబాయ్ చెప్పిన మస్టాంగ్ ప్లేటుకీ దీనికీ తేడా లేదు.

నంబరు ఎక్కడుందో చూడాలి. 1932లో ఫోర్డ్ దాన్ని ఎడమవైపు ఫ్రేమ్ రెయిల్ పైభాగాన కొట్టింది: ముందు వైపు ఒకటి, మధ్యలో ఒకటి, వెనక యాక్సిల్ మీదికి రెయిల్ వంపు తిరిగే చోట ఒకటి. ముందుది తప్ప మిగతావి బాడీ కిందే ఉంటాయి, ముందుది కూడా తొంభై ఏళ్ళ తుప్పుకి అరిగిపోయి ఉండొచ్చు. వీ8 అయితే 18 అంకెతో మొదలై, రెండు చివర్లా నక్షత్రం గుర్తు ఉంటుంది. బాడీ ఎక్కించకముందే ఆ మూడు చోట్లా ఫోటో తీయడం మంచిది. ఎక్కించాక నంబరు కనబడలేదంటే ఇన్‌స్పెక్టర్ బాడీ ఎత్తమనే అంటాడు, అప్పటికి పెయింటు కూడా అయిపోయి ఉంటుంది.

రెండో చిక్కు ఇంజిన్ నంబరు. చాలా రాష్ట్రాలు 1950ల మధ్య దాకా ఇంజిన్ నంబరుతోనే టైటిల్ ఇచ్చాయి. ఫోర్డ్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు రెండూ ఒకటే నంబరు, అందుకే అప్పట్లో ఇబ్బంది లేదు. 1940లలోనో 50లలోనో ఎవరో ఇంజిన్ మార్చి కొత్త నంబరు టైటిల్‌కి ఎక్కించి ఉంటే, ఇప్పుడు ఫ్రేమ్ మీద ఒకటి, కాగితం మీద ఒకటి. అది మోసం కాదు, కానీ సరిదిద్దించకుండా అమ్మడం, కొనడం చేయొద్దు. రాష్ట్రం ఇన్‌స్పెక్షన్ చేసి ఫ్రేమ్ నంబరుకి మారుస్తుంది, లేదా అసైన్డ్ నంబరు ఇస్తుంది.

మూడోది చిన్నదే గానీ విసుగు తెప్పిస్తుంది. 17 అక్షరాల విన్ 1981 మోడల్ నుంచి వచ్చింది. అంతకుముందు నంబర్లు పొట్టివి, కంప్యూటర్ తప్పు అని తిప్పికొడుతుంది. క్లర్క్ సున్నాలు చేర్చి 17 చేసేస్తానంటే వద్దని చెప్పండి. ఆ తర్వాత ఏ రాష్ట్రం నేషనల్ డేటాబేస్‌లో వెతికినా ఆ కారు దొరకదు. పొట్టి నంబరు ఎక్కించే దారి ప్రతి డీఎంవీలోనూ ఉంది, సూపర్‌వైజర్‌కి తెలుస్తుంది.

ప్లేటు ఉండే పాత కార్ల గురించీ ఒక మాట. పెయింటు కోసం విన్ ప్లేటు విప్పి మళ్ళీ కొట్టడం చాలామందికి మామూలు విషయం. ఫెడరల్ చట్టంలో రిపేరుకి తప్పనిసరైతే విప్పవచ్చనే మినహాయింపు ఉంది, రాష్ట్రాల చట్టాల్లో అన్నిచోట్లా లేదు. కాన్సస్‌లో 1959 కొర్వెట్ ఒకటి రిస్టోరేషన్‌లో ప్లేటు విప్పారన్న కారణంతో 2017లో సీజ్ అయి ఏళ్ళ తరబడి నలిగింది, చివరికి 2022లో అక్కడి చట్టమే మార్చాల్సి వచ్చింది. కాబట్టి విప్పకుండా టేపు వేసి పెయింటు చేయడమే సుఖం. జీఎం కార్లలో అయితే పువ్వు ఆకారం రివెట్లు ఉంటాయి, మామూలు పాప్ రివెట్ కనిపించగానే ఇన్‌స్పెక్టర్ ముఖం మారుతుంది.

ఇంకా వెర్మాంట్ నుంచి పోస్టులో రిజిస్ట్రేషన్ తెప్పించుకోమనే సలహా ఎక్కడో చదివి ఉంటారు. 15 ఏళ్ళు దాటిన కార్లకి బయటి రాష్ట్రాలవాళ్ళకీ ఇచ్చేవాళ్ళు. 2023లో ఆ తలుపు మూశారు.

రోడ్‌స్టర్_రవి

చాలా థాంక్స్ అందరికీ. బ్లాక్ అమ్మినాయనతో మాట్లాడాను, కొత్త బిల్లు రాసిస్తానన్నారు, నోటరీ దగ్గరికి కూడా వస్తానన్నారు. లక్ష్మిగారూ, కారు ఇంకా గో-కార్ట్ దశలోనే ఉంది, బాడీ ఎక్కలేదు. అంటే కాలిఫోర్నియాలోనే అనుకుంటున్నాను. పరికరాల్లో అక్కడ దేనికి ఆపుతారు? సైడ్ పైపులు, చిన్న విండ్‌షీల్డ్ ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను.

స్మాగ్‌శాస్త్రి

బాడీ ఎక్కక ముందు అడిగావు, మంచి పని చేశావు, ఇవన్నీ ఇప్పుడైతే తేలిక.

విండ్‌షీల్డ్ గాజు మీద ఏఎస్-1 (విండ్‌షీల్డ్‌కి తగిన సేఫ్టీ గాజు) గుర్తు చెక్కి ఉండాలి. గుర్తు ఫ్రేమ్ రబ్బరు కిందికి వెళ్ళిపోయేలా కోసిన గాజులు వస్తాయి, బిగించేముందు చూసుకో. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు డాట్ (ఫెడరల్ రవాణా శాఖ) మార్కు ఉన్నవే. హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి 22 అంగుళాలకి తక్కువ ఉండకూడదు, 54కి మించకూడదు. కోబ్రా బాడీకి 22 దగ్గరదగ్గరగా వస్తుంది, సస్పెన్షన్ బాగా దించి, పొట్టి టైర్లు వేస్తే కిందికి జారుతుంది. కొలిచేది టైర్లలో గాలి సరిగ్గా నింపి, పెట్రోల్ పోసి.

సైడ్ పైపుల శబ్దం 95 డెసిబెల్స్ పరిమితి. ఖాళీ గొట్టాల్లాంటి సైడ్ పైపులతో 347 అది దాటేస్తుంది. లోపల ఫైబర్‌గ్లాస్ ప్యాకింగ్ ఉన్న మఫ్లర్ రకం తీసుకో, ప్యాకింగ్ కాలిపోయే కొద్దీ శబ్దం పెరుగుతుంది కాబట్టి మార్చుకునే వీలున్నదైతే మేలు. 1,500 పౌండ్లు దాటిన కారుకి చక్రాల మీద ఫెండర్లు తప్పనిసరి. నీ బాడీకి ఉన్నాయి కానీ వెనక టైర్లు మరీ వెడల్పైనవి వేస్తే అంచు దాటి బయటికొస్తాయి.

పార్కింగ్ బ్రేక్ చాలామంది చివరికి వదిలేస్తారు. మస్టాంగ్ యాక్సిల్‌కి వేరే డిస్క్ బ్రేకులు వేస్తుంటే ఆ క్యాలిపర్‌కి హ్యాండ్ బ్రేక్ కేబుల్ లివర్ ఉందో లేదో కొనేటప్పుడే చూడు. రేస్ క్యాలిపర్లకి ఉండదు. వైపర్లు, హారన్, ఇండికేటర్లు, సీటు బెల్టులు, ఎడమ అద్దంతో పాటు ఇంకో అద్దం కూడా ఉండాలి.

ఇంకా, మారాక రిజిస్ట్రేషన్ ఉన్న మీ మామూలు కార్లని ఇక్కడ రిజిస్టర్ చేయించడానికి 20 రోజుల గడువు ఉంటుంది. ఈ కోబ్రా రోడ్డు మీద తిరగని విడిభాగాల సరుకుగా వస్తుంది కాబట్టి ఆ గడియారం దీనికి మొదలవదు. టెక్సస్‌లో విడిభాగాలకి కట్టిన సేల్స్ ట్యాక్స్ రసీదులు విడిగా ఒక కవర్లో పెట్టు. డీఎంవీ యూజ్ ట్యాక్స్ (బయటి రాష్ట్రంలో కొన్నవాటి మీద పన్ను) లెక్క వేసేటప్పుడు కట్టిన పన్నుకి రుజువు లేని భాగాల మీదే ఎక్కువ అడుగుతారు.

బోల్ట్‌బాబాయ్

దీనికి ఒకటి కలుపుతా. ఆ రసీదుల్లో ఆన్‌లైన్ ఆర్డర్ల ఇ-మెయిల్స్ ఉంటే ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకో, రసీదు మీద నీ పేరు, టైటిల్ దరఖాస్తు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మనవాళ్ళ ఇంటిపేర్లు ఒక్కోచోట ఒక్కోలా పడతాయి, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ మీద ఇంటిపేరు ముందొచ్చి, డ్రైవింగ్ లైసెన్స్ మీద వెనకొచ్చి ఉంటే కౌంటర్లో ఇద్దరు మనుషులనుకుంటారు. తేడా ఉంటే కిట్ కంపెనీకి రాసి సర్టిఫికెట్ మళ్ళీ జారీ చేయించుకో, కారు పూర్తయ్యేలోపు వచ్చేస్తుంది.